డీజిల్ లారీల్లో టర్బో, బూస్టు నియంత్రణ: తరచుగా అడిగే ప్రశ్నలు

లారీ నడిపేవాళ్లు, బండి యజమానులు, కొత్తగా పని నేర్చుకుంటున్న మెకానిక్‌లు టర్బో గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. బండి లోడ్ లాగకపోతే అందరి వేలూ ముందు టర్బో మీదికే వెళ్తుంది. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఉన్నా, అది వేరే చోట మొదలై టర్బో దాకా వచ్చి ఉంటుంది. కింది జవాబుల్లో ఈ సంగతే పదే పదే ఎదురవుతుంది.

టర్బో అసలు ఏం చేస్తుంది?

సైలెన్సర్‌లోంచి ఊరికే పోయే వేడి పొగ బలాన్ని వాడుకుని ఇంజన్‌కి ఎక్కువ గాలి అందిస్తుంది. డీజిల్ కాలితే పుట్టే శక్తిలో ఇంచుమించు మూడో వంతు పొగతో పాటే బయటికి పోతుంది. ఆ దారిలో ఒక చక్రం పెడితే అది తిరుగుతుంది, అదే టర్బైన్. అదే షాఫ్టుకి రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. కంప్రెసర్ అన్నా, షెడ్లలో అనేట్టు ఫ్యాను అన్నా అదే. అది బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది.

టర్బో తనంతట తాను బలం పుట్టించదు. బలం డీజిల్‌లో ఉంది. అది పూర్తిగా కాలడానికి గాలి చాలాలి, అంతే. లెక్క ప్రకారం 1 కిలో డీజిల్‌కి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. కానీ సిలిండర్‌లో గాలి, డీజిల్ కలవడానికి దొరికే సమయం రెప్పపాటు కూడా కాదు. అందుకని నల్ల పొగ రాకుండా ఉండాలంటే 18 కిలోలో, 20 కిలోలో, ఇంకా ఎక్కువో గాలి అందాలి. ఆ అదనపు గాలిని సమకూర్చడమే టర్బో పని.

ఇది కొత్త టెక్నాలజీనా?

కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి దీనికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. డీజిల్ ఇంజన్ మీద అది సరిగ్గా పనిచేసి చూపించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ముందు ఓడలకి, తర్వాత రైళ్లకి వచ్చింది. లారీ ఇంజన్‌కి 1938లో సౌరర్ కంపెనీ పెట్టింది.

బూస్టు అంటే ఏమిటి? మీటర్‌లో ఎంత చూపించాలి?

బయటి గాలి ఒత్తిడి కంటే మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో అదే బూస్టు. మీటర్ 1.5 బార్ చూపిస్తే, బయటి 1 బార్ కూడా కలుపుకుని లోపల మొత్తం 2.5 బార్ ఉన్నట్టు. పీఎస్‌ఐలో చూసేవాళ్లకి 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. పెద్ద లారీ ఇంజన్లలో నిండు లోడ్ మీద 1.5 నుంచి 3 బార్ దాకా కనిపించడం మామూలే. మీ ఇంజన్‌కి ఎంత రావాలో దాని సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. పక్క బండి మీటర్‌తో పోల్చుకోకండి.

బండి న్యూట్రల్‌లో ఉండగా రేస్ ఇచ్చి బూస్టు చూడటం దండగ. డీజిల్ ఎక్కువగా మండితేనే పొగకి బలం, పొగకి బలం ఉంటేనే టర్బైన్‌కి వేగం. నిలబడ్డ బండిలో లోడే లేదు కాబట్టి మంచి టర్బో కూడా అంతంతమాత్రమే చూపిస్తుంది. లోడ్‌తో ఎత్తు ఎక్కుతూ, పెడల్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు చూసిన అంకెనే నమ్మాలి.

బూస్టు ఎక్కువ ఉంటే గాలి ఎక్కువ పోతున్నట్టేగా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బూస్టు ఒత్తిడి కొలత, గాలి బరువు కొలత కాదు. ఇంజన్‌కి కావలసింది బరువు.

ఒక లెక్క చూద్దాం. బయటి గాలి 30 డిగ్రీలుంది, టర్బో దాన్ని 2.5 రెట్లు ఒత్తింది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కింది భాగం కాలడం అందరూ చూసిందే. మంచి టర్బోలో కూడా ఆ గాలి 150 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఒత్తిడి 2.5 రెట్లయినా బరువు 1.8 రెట్లే అవుతుంది. అదే గాలిని ఇంటర్‌కూలర్‌లో 50 డిగ్రీలకి చల్లారిస్తే బరువు 2.3 రెట్లకి వస్తుంది. మీటర్ ముల్లు కదల్లేదు, ఇంజన్‌కి మాత్రం పావు వంతుకి పైగా అదనపు గాలి దక్కింది.

కాబట్టి ఇంటర్‌కూలర్ మీద బురద, పురుగులు, రేడియేటర్‌కీ దానికీ మధ్య దూది పేరుకుపోతే బూస్టు బాగానే కనిపిస్తూ బండి నీరసంగా ఉంటుంది. మీటర్ చూసి టర్బోకి మంచి మార్కులు వేసి, డీజిల్ పంపు విప్పించిన బండ్లు లెక్కలేనన్ని. నీళ్లతో కడిగితే పోయేది అంత దూరం వెళ్తుంది.

వేస్ట్‌గేట్ ఎలా పనిచేస్తుంది?

టర్బైన్‌కి ముందే పొగ పక్కదారిన పోయేందుకు ఒక చిన్న తలుపు ఉంటుంది, అదే వేస్ట్‌గేట్. దాన్ని తెరిచేది టర్బో పక్కన కనిపించే డబ్బా, దాని రాడ్డు. డబ్బా లోపల ఒక పలచని రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒకవైపు స్ప్రింగు, రెండోవైపు సన్నటి గొట్టంలోంచి వచ్చే బూస్టు. బూస్టు స్ప్రింగుని గెలిచిన క్షణాన రాడ్డు కదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది, కొంత పొగ టర్బైన్‌ని తప్పించుకుని పోతుంది, టర్బో వేగం అక్కడితో ఆగుతుంది.

కొత్త బండ్లలో ఆ గొట్టం మధ్యలో ఒక సోలనాయిడ్ వాల్వు ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్ దాన్ని సెకనుకి ఎన్నోసార్లు తెరిచి మూస్తూ డబ్బాకి ఎంత ఒత్తిడి చేరాలో నిర్ణయిస్తుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే బూస్టుకి ఒకే హద్దు, సోలనాయిడ్ ఉంటే ప్రతి వేగానికీ ప్రతి లోడుకీ వేరే హద్దు.

రబ్బరు పొర చిరిగినా, సన్నగొట్టం ఊడినా తలుపు తెరుచుకోదు, బూస్టు హద్దు మీరుతుంది. తలుపు మసితో సగంలో ఇరుక్కుని తెరిచే ఉంటే బూస్టు రాదు. రెండూ వంద రూపాయల గొట్టంతోనో, కాసేపటి శుభ్రంతోనో తీరే అవకాశం ఉన్న జబ్బులే. టర్బో విప్పే ముందు ఇవి చూడండి.

వీజీటీ అంటున్నారు. అదేమిటి?

వేరియబుల్ జామెట్రీ టర్బో, అంటే టర్బైన్ చుట్టూ ఉండే దారిని పెద్దదిగా, చిన్నదిగా మార్చుకోగల టర్బో. తోటకి నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని వేలితో సగం మూస్తే నీళ్లు దూరం చిమ్ముతాయి కదా, అదే సూత్రం. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు పొగ తక్కువ, కాబట్టి దారిని ఇరుకు చేస్తే పొగ జోరుగా తగిలి చక్రం త్వరగా వేగమందుకుంటుంది. ఇంజన్ వేగం పెరిగాక దారిని వెడల్పు చేస్తారు. కొన్నింటిలో చిన్న రెక్కలు తమ ఇరుసుల మీద తిరుగుతాయి. హోల్‌సెట్ కంపెనీ వాటిలో రెక్కలున్న రింగే ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

ఇంకో రెండు పనులకి కూడా ఇది పనికొస్తుంది. దిగుడులో దారిని బాగా మూసేస్తే పొగ బయటికి పోలేక పిస్టన్లని ఆపుతుంది, ఇంజన్ బ్రేకు బలపడుతుంది. ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజన్లలో ఆ పొగ లోపలికి వెళ్లాలంటే పొగ వైపు ఒత్తిడి గాలి వైపు కంటే ఎక్కువ ఉండాలి, ఆ తేడా తెచ్చేది కూడా ఇదే.

దీని శత్రువు మసి. గంటల తరబడి ఐడిల్‌లో వదిలేసే బండిలో, లోడ్ లేకుండా తిరిగే బండిలో మసి పేరుకుని రింగు గానీ రెక్కలు గానీ ఇరుక్కుంటాయి. వాటిని కదిపే ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్ మార్చినప్పుడు స్కానర్‌తో దానికి మొదలు, చివర హద్దులు నేర్పించాలి. అది చేయకుండా బిగించి, కొత్త భాగమే చెడ్డదని తిప్పి పంపేవాళ్లున్నారు.

యాక్సిలరేటర్ తొక్కగానే పికప్ ఎందుకు రాదు?

పొగ పెరిగితేనే టర్బో తిరగాలి, టర్బో తిరిగితేనే గాలి రావాలి, గాలి వస్తేనే డీజిల్ పెంచాలి. ఈ చుట్టు తిరిగి రావడానికి పట్టే సమయమే మీకు తెలిసే ఆలస్యం. కొంత ఆలస్యం ప్రతి టర్బో బండికీ ఉంటుంది.

దాన్ని తగ్గించడానికి డిజైన్‌లోనే కొన్ని ఏర్పాట్లున్నాయి. ఆరు సిలిండర్ల ఇంజన్లో ముందు మూడింటి పొగనీ వెనక మూడింటి పొగనీ కలవనివ్వకుండా రెండు వేర్వేరు దారుల్లో టర్బైన్ దాకా తీసుకెళ్తారు. సిలిండర్లు మండే వరుస (ఫైరింగ్ వరుస) 1-5-3-6-2-4 కాబట్టి ఒక్కో దారిలో పొగ తోపు సమాన దూరంలో, ఒకదాని వెనక ఒకటి వస్తుంది. ఒక సిలిండర్ తోపు ఇంకోదాని నోట్లోకి వెనక్కి తన్నదు, చక్రానికే తగులుతుంది.

పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంకో సంగతి. పంపు మీద ఒక డబ్బా ఉంటుంది, మానిఫోల్డ్ నుంచి దానికి సన్నగొట్టం వస్తుంది. బూస్టు వచ్చేదాకా అది డీజిల్‌ని కట్టడి చేస్తుంది, గాలి రాకముందే డీజిల్ పోసి నల్ల పొగ కక్కకుండా. ఆ గొట్టం పగిలినా లోపలి పొర చిరిగినా పంపుకి బూస్టు వచ్చిన కబురే అందదు. టర్బో శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది, బండి మాత్రం లాగదు. పొగ కూడా రాదు. పొగ లేకుండా నీరసంగా ఉన్న పాత బండి కనిపిస్తే నేను మొదట చూసేది ఆ గొట్టాన్నే.

లోడ్ లాగట్లేదు, నల్ల పొగ వస్తోంది. టర్బో పోయినట్టేనా?

ముందు గాలి దారంతా వెతకండి. ఎయిర్ ఫిల్టర్ నిండిపోయిందా, ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే రబ్బరు పైపు లోపలి పొర ఊడి పీల్చేటప్పుడు ముడుచుకుపోతోందా చూడండి. ఆపై టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే పైపులు, క్లాంపులు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అతుక్కుని కనిపించే చీలిక బూస్టు వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. పైపు మీద నూనె మరకకి దుమ్ము అంటుకుని నల్లని చార కనిపిస్తే లీకు అక్కడే.

కంటికి దొరక్కపోతే గాలి పట్టి చూడాలి. టర్బో నోటికి గట్టిగా మూత బిగించి, రెగ్యులేటర్ పెట్టిన షెడ్డు గాలి కంప్రెసర్‌తో మెల్లగా గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలొచ్చిన చోట లీకు. ఒత్తిడి ఇంజన్ మామూలు బూస్టు దాటనివ్వొద్దు, మూతకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. మూత ఊడొస్తే తుపాకి గుండులా తగులుతుంది.

లీకుని అలాగే వదిలేసి నడిపితే నష్టం డీజిల్‌తో ఆగదు. కారిపోయిన గాలిని పూడ్చడానికి టర్బో తన హద్దు దాటి తిరుగుతుంది. గాలి చాలక పొగ వేడి పెరుగుతుంది. చిన్న క్లాంపు బిగించని పాపానికి మంచి టర్బో పోవడం ఇలాగే జరుగుతుంది.

కంప్యూటర్ బండ్లలో నల్ల పొగ పెద్దగా రాకపోవచ్చు. బూస్టు తగ్గినట్టు సెన్సర్ చెప్పగానే కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తుంది, డ్రైవర్‌కి తెలిసేది నీరసం ఒక్కటే.

స్కానర్‌లో బూస్టు కోడ్ వచ్చింది. టర్బో మార్చాలా?

ఆ కోడ్‌కి అర్థం, కంప్యూటర్ అడిగిన బూస్టుకీ సెన్సర్ చూపించిన బూస్టుకీ పొంతన లేదని మాత్రమే. పెద్ద లారీల్లో ఇది ఎక్కువగా ఎస్‌పీఎన్ 102 అనే కోడ్ నంబరు కింద కనిపిస్తుంది. సెన్సర్ మూతికి మసి పట్టినా, వైరు తెగినా, పైపు చీలినా, వేస్ట్‌గేట్ ఇరుక్కున్నా, ఫిల్టర్ మూసుకున్నా, డీజిల్ సరిగా అందక పొగకి బలం లేకపోయినా అదే కోడ్ వస్తుంది. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి సెన్సర్ ఎంత చూపిస్తుందో చూడండి. మొత్తం ఒత్తిడి చూపించే సెన్సర్ అయితే బయటి గాలి ఒత్తిడికి సమానంగా ఉండాలి. తేడా ఉంటే సెన్సర్ దగ్గరే మొదలుపెట్టండి.

షాఫ్టు చేత్తో ఆడిస్తే ఆడుతోంది. పోయినట్టేనా?

పక్కలకి కొద్దిగా ఆడటం సహజం. ఆ షాఫ్టు నూనె పొర మీద తేలుతూ తిరగడానికే చేసింది, నూనె లేనప్పుడు ఆ ఖాళీ చేతికి తెలుస్తుంది. ఒకవైపుకి నొక్కి తిప్పినప్పుడు ఫ్యాను గోడకి రాసుకోకూడదు. ముందుకీ వెనక్కీ మాత్రం దాదాపు ఆడకూడదు. స్పష్టంగా చేతికి తెలిసేంత ఆడితే, షాఫ్టుని అలా జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగు అరిగినట్టే. అనుమానం ఉంటే డయల్ గేజీ పెట్టి కొలిచి పుస్తకంలోని హద్దుతో పోల్చండి.

ఫ్యాను వైపు పైపులో నూనె కనిపిస్తోంది. సీలు పోయిందా?

టర్బోలో రబ్బరు సీలు ఉండదు. పిస్టన్ రింగు లాంటి సన్నటి ఇనుప రింగులుంటాయి. చక్రాల వైపు ఉన్న ఒత్తిడి, కింది గొట్టంలోంచి నూనె తనంతట తాను జారిపోవడం, ఈ రెండూ సవ్యంగా ఉంటేనే అవి నూనెని ఆపగలవు. కింది గొట్టం నలిగినా, వంగినా, గడ్డకట్టిన నూనెతో ఇరుకైనా నూనెకి పోవడానికి దారి లేక రెండు పక్కలా కారుతుంది. ఇంజన్ రింగులు అరిగి క్రాంకు కేసులో (ఇంజన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగినా, ఆ ఒత్తిడిని వదిలే బ్రీదర్ గొట్టం మూసుకున్నా అంతే. ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాను వెనక వెలితి ఏర్పడి నూనెని లాగేస్తుంది. ఇవి సరిచేయకుండా కొత్త టర్బో వేస్తే అది కూడా మొదటి రోజు నుంచే కారుతుంది.

బ్రీదర్ గాలి ఇంజన్‌లోకే తిరిగొచ్చే బండ్లలో పైపులో పలచగా నూనె తడి ఉండటం మామూలు.

కొత్త టర్బో వేసి నెల తిరక్కుండానే పోయింది. సరుకు నాసిదా?

కావచ్చు. కానీ మొదటిది ఎందుకు పోయిందో కనుక్కోకుండా రెండోది వేశారా అన్నది నా మొదటి ప్రశ్న. పోయిన టర్బో తనకి ఏం జరిగిందో తన ఒంటి మీదే రాసుకుని ఉంటుంది, పారేసే ముందు చదవాలి.

షాఫ్టు నీలం రంగుకి తిరిగి ఉంటే నూనె అందలేదు. బేరింగుల మీద గీతలుంటే నూనెలో మురికి. ఫ్యాను రెక్కల అంచులు ఇసుకతో రుద్దినట్టు అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము వస్తోంది. రెక్కలు వంగి, చితికి ఉంటే నట్టో గుడ్డపీలికో లోపలికి పోయింది. టర్బైన్ వైపు రెక్కలు దెబ్బతింటే ఇంజన్‌లోంచే ఏదో విరిగి వచ్చింది, వాల్వు ముక్కో, రింగు ముక్కో, పొగ వైపు మానిఫోల్డ్ పెచ్చో.

పాత ఫ్యాను విరిగి ఉంటే ఆ ముక్కలు, నూనె ఇంటర్‌కూలర్‌లో కూర్చుని ఉంటాయి. దాన్ని విప్పి కడగకపోతే అవి ఇంజన్‌లోకి పోతాయి.

బిగించేటప్పుడు జరిగే తప్పులు కూడా తక్కువ కాదు. నూనె గొట్టం అతుకులో సిలికాన్ పేస్టు వాడటం వాటిలో మొదటిది. పిండినప్పుడు లోపలికి ఊరిన పేస్టు తునకై ఊడి బేరింగు రంధ్రాన్ని మూసేస్తుంది. దయచేసి గాస్కెట్ మాత్రమే వాడండి. నూనె వచ్చే గొట్టం పాతదైతే మార్చేయండి. నూనె, ఫిల్టర్ కొత్తవి వేయండి. బిగించే ముందు టర్బో నూనె రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి షాఫ్టుని చేత్తో తిప్పండి. డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు రేస్ ఇవ్వకండి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే షాఫ్టుకి నూనె లేని కొన్ని క్షణాలు చాలు.

ఆపే ముందు ఐడిల్‌లో ఉంచాలా?

ఎత్తు ఎక్కి వచ్చి, లేదా నిండు లోడ్‌తో పరుగెత్తి వచ్చి ఆపితే తప్పకుండా రెండు మూడు నిమిషాలు ఉంచాలి. అప్పుడు టర్బైన్‌లోకి వచ్చే పొగ 600, 700 డిగ్రీల్లో ఉంటుంది. వెంటనే ఆపితే నూనె పంపు ఆగిపోతుంది, బేరింగులో నిలిచిన నూనె ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఊళ్లోకి నెమ్మదిగా వచ్చి ఆపితే అప్పటికే చల్లబడి ఉంటుంది, మళ్లీ కాచుకుని కూర్చోనక్కర్లేదు.

పొద్దున స్టార్టు చేసినప్పుడు కూడా నూనె పైదాకా ఎక్కేవరకు రేస్ ఇవ్వొద్దు.

వేస్ట్‌గేట్ రాడ్డు బిగించి బూస్టు పెంచుకోవచ్చా?

వద్దు. డీజిల్ పెంచకుండా గాలి ఒక్కటే పెంచితే బలం పెద్దగా పెరగదు. డీజిల్ కూడా పెంచితే సిలిండర్ ఒత్తిడి పెరిగి హెడ్ గాస్కెట్, పిస్టన్, బేరింగులు భారం మోస్తాయి. టర్బో సంగతి ఇంకా ఘోరం. 80 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 1,20,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు, గాలిలో శబ్దం కంటే చాలా ఎక్కువ. లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగం 10 శాతం పెంచితే ఆ లోహం మీద భారం 21 శాతం పెరుగుతుంది. చక్రం పగిలితే ముక్కలు గుళ్లలా వస్తాయి.

ఎత్తైన కొండ ప్రాంతాల్లో బండి ఎందుకు నీరసిస్తుంది? టర్బో ఉందిగా?

3,000 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి సుమారు 0.7 బార్. వేస్ట్‌గేట్ డబ్బాలో స్ప్రింగు వైపు ఉండేది బయటి గాలే, అందుకని మీటర్ ఎప్పటిలాగే 1.5 బార్ చూపించినా లోపల మొత్తం 2.2 బార్లే, కింద ఉన్న 2.5 కాదు. పైగా పలచటి గాలిని ఆ మాత్రం ఒత్తడానికే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. అందుకే కొత్త బండ్లలో ఎత్తు పెరిగే కొద్దీ కంప్యూటరే బూస్టునీ డీజిల్‌నీ తగ్గిస్తుంది. టర్బోని కాపాడటానికి చేసే పని అది, లోపం కాదు.

కార్లకి పెట్టే బ్లో-ఆఫ్ వాల్వు లారీకి అవసరమా?

అవసరం లేదు. పెట్రోల్ ఇంజన్లో పెడల్ వదలగానే థ్రాటిల్ మూసుకుని గాలి వెనక్కి తంతుంది, ఆ గాలిని వదిలేయడానికే ఆ వాల్వు. డీజిల్‌లో పెడల్ వదిలితే తగ్గేది ఇంధనం, గాలి దారి తెరిచే ఉంటుంది.

పెడల్ వదిలినప్పుడు దగ్గుతున్నట్టు శబ్దం వస్తోంది. ఎందుకు?

దాన్ని సర్జ్ అంటారు. టర్బో తోస్తున్న గాలిని ఇంజన్ తీసుకోలేనప్పుడు అది ఫ్యాను మీదుగా వెనక్కి తంతుంది. గేరు మార్చేటప్పుడు ఎప్పుడైనా ఒకసారి వస్తే భయం లేదు. లోడ్ మీద లాగుతుండగా ఆగకుండా వస్తుంటే ఫిల్టర్, ఇంటర్‌కూలర్ మూసుకున్నాయేమో, వీజీటీ ఇరుక్కుందేమో చూడండి. అలాగే నడిపితే థ్రస్ట్ బేరింగు పోతుంది.

తాళం తీసినా ఇంజన్ ఆగకుండా దానంతటదే రేస్ పెరుగుతోంది. ఏం చేయాలి?

చాలాసార్లు టర్బో నుంచి కారిన నూనెనే ఇంజన్ ఇంధనంగా కాల్చుకుంటూ ఉంటుంది. డీజిల్ ఆపినా ప్రయోజనం లేదు, గాలి ఆపాలి లేదా ఇంజన్‌ని బలవంతంగా ఆపాలి. మామూలు గేర్ల బండి అయితే బ్రేకు పూర్తిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలేయండి, ఇంజన్ ఆగిపోతుంది. గాలి నోరు అందుబాటులో ఉంటే గట్టి చెక్కతో పూర్తిగా మూయవచ్చు, లేదా మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లోని గ్యాసుని అందులోకి వదలవచ్చు. చేత్తో, గుడ్డతో ఎప్పుడూ మూయకండి, లాగేసుకుంటుంది. రేస్ మరీ పెరిగిపోయి ఉంటే దగ్గరికి వెళ్లకండి, చుట్టూ ఉన్నవాళ్లని దూరంగా పంపేయండి. ఇంజన్ మళ్లీ కొనుక్కోవచ్చు.

ఆగాక మళ్లీ స్టార్టు చేసి చూడొద్దు. ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో నిలిచిన నూనె అంతా తీసేదాకా అది మళ్లీ అలాగే ఎత్తుకుంటుంది.